మెత్త రబ్బరు

"నా చెప్పులేవి అమ్మాయ్?"

పెరటి గుమ్మంలో నిలబడి మా అత్తగారు మాణిక్యమ్మ గారు అడిగారు. నేను పొయ్యి మీద పాలు చూస్తూ, "అక్కడే ఉన్నాయండీ, నీలం పట్టీలవి," అన్నాను.

"అవి నావి కావు."

"మీవేనండీ. నిన్న బీసెంట్ రోడ్డులో కొన్నాను."

"నువ్వు కొన్నవి సరే. నావేవి?"

ఆవిడవి అటక మీద పాత పత్రికల కట్ట వెనక ఉన్నాయి. నేనే పెట్టాను. నాలుగేళ్ళ కిందట మా కారుకి మొదటి టైర్లు తీసేసినప్పుడు, వాటిని అమ్మనివ్వకుండా ఒకదాన్ని కోయించి కుట్టించుకున్న చెప్పులు అవి. తెగవు, విరగవు. కాకపోతే అడుగు పలకలాగా నున్నబడిపోయింది. శ్రావణంలో మా పెరట్లో బట్టలుతికే బండ చుట్టూ పాచి పడుతుంది. ఆ వారంలో రెండుసార్లు ఆవిడ కాలు జారి కుళాయి గొట్టం పట్టుకోవడం వంటింటి కిటికీలోంచి చూశాను.

"అవి అరిగిపోయాయండీ," అన్నాను.

"అరిగితే అరిగాయి, తెగాయా?"

"తెగకపోవడమే చిక్కు. తెగితే మీరే పారేసేవారు."

"చెప్పులు మన్నడానికి కొంటారు గానీ, నేలని పట్టుకుని వేలాడ్డానికి కొంటారా?"

గెడ్డానికి సబ్బు నురగతో మా ఆయన వెంకటకృష్ణారావు గారు వసారాలోంచి తొంగిచూశారు. "దానికంత గొడవెందుకమ్మా. కుడికాలికి పాతది, ఎడంకాలికి కొత్తది వేసుకో. ఇద్దరి మాటా నిలబడుతుంది."

"నువ్వు నీ సంగతి చూసుకో. నీ కారు టైర్లు నా చెప్పులకంటే నున్నగా ఉన్నాయి."

అని ఆవిడ ఆగిపోయారు. ఆయన మళ్ళీ అద్దం దగ్గరికి వెళ్ళిపోయారు. ఇదివరకు టైర్ల మాట వస్తే చాలు, "కొత్తవెందుకురా, అరిగినవాటి మీదే మళ్ళీ రబ్బరేయించు," అనేవారు ఆవిడ. ఆ పూట ఆ మాట రాలేదు. నేను స్టూలు వేసుకుని అటక మీంచి చెప్పులు దించి ఇచ్చాను. ఆవిడ వేసుకుని బండ దగ్గరికి వెళ్ళారు. పంతం నెగ్గిన మనిషిలా మాత్రం కనిపించలేదు.

ఇది 1978 సంగతి. మా ఇంట్లో కారు గురించి ఎవరూ పూర్తిగా ఒక వాక్యం మాట్లాడక అప్పటికి అయిదు నెలలయింది.

అత్తయ్యగారి చెల్లెలు మంగాయమ్మ గారు తోట్లవల్లూరులో ఉంటారు. కీళ్ళవాతం వల్ల ఆవిడ చేతులు తల దాకా లేవవు. కోడళ్ళు ఉన్నారు, బాగానే చూస్తారు. అయినా పదిహేను రోజులకో శుక్రవారం అక్క వెళ్ళి తలంటి, సాంబ్రాణి పొగ వేసి, జడ అల్లితేనే ఆవిడకి తలంటు అయినట్టు. ప్రతిసారీ మా ఆయనే కార్లో తీసుకెళ్ళేవారు. ఆయనది ఎరువుల కంపెనీలో ఊళ్ళు తిరిగే ఉద్యోగం. లేతనీలం ఫియట్ ఒకటి స్నేహితుడి దగ్గర కొని, దాన్ని కన్నబిడ్డలా చూసుకునేవారు. పటమటలో మా ఇంటి నుంచి బందరుకి ఎన్ని నిమిషాల్లో వెళ్ళారో భోజనాల దగ్గర చెప్పేవారు. నేను బందరు గడియారం మన గడియారంతో కలవదని వాదించేదాన్ని.

ఆ మార్చిలో ఒక శుక్రవారం నేను ఇంట్లో ఉండిపోయాను, వాళ్ళిద్దరే వెళ్ళారు. మా వైపు వరికోతలయ్యాక చేలో మినుము వేస్తారు. అది పండాక మొక్కలు పీకి, ఎండబెట్టి, ఆ కట్టెని రోడ్డు మీద పరుస్తారు. వచ్చేపోయే బస్సులూ లారీలూ దాన్ని తొక్కుకుంటూ పోతే కాయలు పగిలి గింజలు రాలతాయి. బండి నడిపేవాళ్ళు కూడా పక్కకి తప్పుకోకుండా దాని మీదుగానే పోనిస్తారు. అది రైతుకి చేసే సాయం. ఆ రోజు తోట్లవల్లూరు దారిలో ఏటి కరకట్ట మీద అలా పరిచిన కట్టె మీద నాలుగు చినుకులు పడ్డాయి. కారు దాని మీదికి వెళ్ళి జర్రున జారి, గిర్రున తిరిగి, వెనక చక్రం ఒకటి కట్ట అంచు దాటి ఏటివైపు గాలిలో నిలిచిపోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. రైతులు ఎద్దుల్ని కట్టి కారుని పైకి లాగారు. చెల్లెలి కోసం అత్తయ్యగారు చేసిన సున్నుండల డబ్బా మూత ఊడి, ఉండలన్నీ దొర్లి మినపకట్టెలో కలిశాయట. డబ్బాలో మిగిలినవి కారు లాగినవాళ్ళకి పంచిపెట్టి వచ్చారు.

"నాదే తప్పు, స్పీడుగా పోయాను," అని ఇంటికొచ్చి ఆయన ఒక్క మాట అన్నారు. అత్తయ్యగారు అప్పటికే కాళ్ళు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళిపోయారు. మళ్ళీ తలంటు శుక్రవారం రాగానే ఆవిడ చేతిసంచీ పట్టుకుని బస్సు కోసం నడిచి వెళ్ళిపోయారు. మోకాళ్ళ నొప్పులతో ఆ మెట్లు ఎలా ఎక్కారో తెలియదు. అప్పట్నుంచి బస్సే. ఆయన కారు నడపడం కూడా మారిపోయింది. బెంజ్ సర్కిల్ దగ్గర రిక్షాలు గంట కొట్టి మమ్మల్ని దాటిపోయేవి.

చెప్పుల గొడవ అయిన రోజు సాయంత్రం ఆయన నా దగ్గరికి వచ్చి, "టైర్లు చూడ్డానికి ఆటోనగర్ వెళ్తున్నా, నువ్వూ రా," అన్నారు.

"నేనెందుకు?"

"నువ్వు ఫిజిక్స్ చదివావు కదా. ఇశ్రాయేలు చెప్పేది నాకు ఒక చెవిలోనే ఎక్కుతుంది."

ఇశ్రాయేలు టైర్ల షెడ్డు ఆటోనగర్లో రెండో వరసలో ఉంది. యాభై దాటిన మనిషి. అన్ని గోళ్ళూ పొట్టిగా కత్తిరించుకుని, కుడిచేతి బొటనవేలి గోరు మాత్రం పెంచుకున్నాడు. దానితోనే టైరు చూస్తాడు. నా కోసం ఒక స్టూలు తుడిచి వేసి, గోడకి ఆనించిన టైరు ఒకటి ముందుకి దొర్లించాడు.

"ఇది గట్టి రకం అమ్మగారూ. సూడండి, గోరు దిగదు. నలభై వేల కిలోమీటర్లు కళ్ళు మూసుకుని తిరగొచ్చు."

"కళ్ళు మూసుకుంటే నలభై కిలోమీటర్లు కూడా వెళ్ళం," అన్నాను.

అతను నవ్వి ఇంకొకటి దొర్లించాడు. దీని మీద గోరు గుచ్చితే మగ్గిన సపోటా మీద పడ్డట్టు గాటు పడి, మెల్లగా పూడింది. "ఇది కొత్తగా వచ్చిన రేడియలు టైరు. మెత్త రబ్బరు. మద్రాసులో కారు పందేలాళ్ళు దీనికోసం ఎగబడతన్నారంట. తడి రోడ్డు మీద బంకలాగా పట్టుద్ది. బ్రేకు తొక్కితే తొక్కినచోట ఆగుద్ది. కానీ మన రోడ్ల మీద పదిహేను వేలు తిరిగితే గొప్ప. రేటేమో దానికి ఒకటిన్నర రెట్లు."

"అంటే డబ్బు ఎక్కువ పెట్టి, తొందరగా అరిగేది కొనుక్కోవాలి."

"అరగబట్టే గదమ్మా పట్టుకునేది. అరగనిది దేన్నీ పట్టుకోదు."

నాకు అత్తయ్యగారి చెప్పులు గుర్తొచ్చాయి. కాలేజీలో ఘర్షణ గురించి మూడు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, ఇంత చిన్న వాక్యంలో ఎవరూ చెప్పలేదు.

"అంత పెట్టలేకపోతే ఉన్నవాటికే మళ్ళీ రబ్బరేసిస్తా. చవగ్గా అయిపోద్ది," అన్నాడతను.

"వద్దు," అన్నారు ఆయన వెంటనే.

"రెండు మెత్తవీ, రెండు గట్టివీ వేస్తే?" అన్నాను నేను.

"అట్టా కుదరదు. ముందు చక్రాలదొక నడక, వెనక చక్రాలదొక నడక అయిపోద్ది. తడిలో బండి గిర్రున తిరుగుద్ది."

ఆ మాటకి ఆయన మొహం తిప్పుకుని బయట వాన చూశారు.

ఇశ్రాయేలు కారుకి జాకీ వేసి పాత టైర్లు తడిమాడు. "రబ్బరేసి ఏడాది కూడా కాలేదే. ఇదేం అరుగుడు సార్? అక్కడక్కడ మచ్చలు మచ్చలుగా పోయింది. మాటిమాటికీ ఆగి బయలుదేరే బండికి ఇట్టా అయిద్ది. పాసింజర్లనేమన్నా ఎక్కించుకుంటన్నారా?"

"మా కంపెనీ జీతం చాలక," అని నవ్వి, ఆయన బ్యాటరీ చూసే నెపంతో ముందుకి వెళ్ళారు.

నేను స్టూలు మీంచి లేచి చక్రం దగ్గర వంగాను. గాట్లలో ఇంకా కొంచెం లోతు మిగిలినచోట చిన్న చిన్న రాళ్ళు ఇరుక్కుని ఉన్నాయి. తలపిన్ను తీసి ఒకటి పెకిలించాను. ఎర్రగా ఉంది. ఆ ఏడాది ఆయన పనంతా గుడివాడ, కైకలూరు వైపు. అటంతా తారు, లేకపోతే నల్లమట్టి. కొండపల్లి వైపు నుంచి లారీల్లో తెచ్చిన ఎర్రగరుసు పోసింది మాకు తెలిసి ఒక్కచోటే, కరకట్ట మీద.

తిరిగి వస్తుంటే వాన పెరిగింది. కారు మనిషి నడిచినట్టే నడుస్తోంది. నేను ఆ ఎర్రరాయిని స్టీరింగు పక్కన పెట్టాను.

"ఇది గుడివాడ రోడ్డుది కాదు," అన్నాను.

ఆయన దాని వైపు ఒక చూపు చూశారు. "నీకు తలపిన్నులు కొనివ్వకూడదు," అన్నారు.

"శుక్రవారాల్లో మీ అన్నం క్యారియరు నిండుగా తిరిగొస్తోంది. ఎక్కడో ఎవరింట్లోనో తిన్నారనుకున్నాను."

"ఎక్కడా తినలేదు."

"అత్తయ్యగారి బస్సు వెనక వెళ్తున్నారు కదూ?"

ఆయన తల ఊపారు. "అమ్మ తోట్లవల్లూరులో దిగి, పిన్ని వాళ్ళ సందు మలుపు తిరిగేదాకా చూసి వెనక్కి వచ్చేస్తా. సాయంత్రం మళ్ళీ వెళ్తా."

"బస్సు ఆగినచోటల్లా ఆగుతారా?"

"ఆగకపోతే దాటిపోవాలి. దాటితే కిటికీలోంచి చూస్తుంది." గేరు మార్చి, "ఆ డ్రైవరు మంచోడే. మలుపుల దగ్గర నెమ్మదిగానే పోతాడు. అయినా," అన్నారు. 

బెంజ్ సర్కిల్ దాటాక తనే అన్నారు. "నా చేతి మీద అమ్మకి నమ్మకం పోయింది. అడిగితే బాధపడుతుంది. ఆ మెత్తవి నాలుగూ వేయించి, వానలో ఖాళీ కారు కరకట్ట మీద నడిపి చూపిస్తా. జారకపోవడం కళ్ళతో చూస్తే ఎక్కుతుందేమో. నీ లెక్కలో అవి ఎన్నాళ్ళొస్తాయి?"

ఆయన తిరుగుడు నాకు తెలుసు. పొద్దున్నా సాయంత్రం వెళ్ళిరావడంతో బస్సు వెనక తిరిగేదే ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు అవుతుంది. ఆపైన ప్రతి స్టాపులోనూ ఒక బ్రేకు.

"ఇలాగే తిరిగితే ఏడాదిన్నర," అన్నాను. "మామూలుగా తిరిగితే రెండేళ్ళ పైన."

"సరే. అమ్మకి మాత్రం చెప్పకు."

నేను సరేనని అనలేదు. ఆయన అది గమనించలేదు.

మర్నాడు శనివారం మధ్యాహ్నం అత్తయ్యగారు పెరటి వసారాలో నానిన మినప్పప్పు పొట్టు కడుగుతున్నారు. మర్నాటికి గారెలు. గిన్నె వంచితే నల్లటి పొట్టు నీళ్ళతో పాటు జారిపోతోంది. నేను చేద తెచ్చి పక్కన పెట్టి కూర్చున్నాను.

"అత్తయ్యగారూ, ఒక మాట అడుగుతాను. ఆయన కారు నడపడం మీద మీకు నమ్మకం పోయిందా?"

ఆవిడ చెయ్యి పప్పులోనే ఆగింది. "ఎవరన్నారా మాట?"

"ఎవరూ అనలేదు. మీరు బస్సులో వెళ్తున్నారు కదా."

"వాడి చేతి మీద నాకు నమ్మకం లేకపోవడమేంటి? ఆ రోజు కారు ఏట్లోకి పోకుండా ఆగిందంటే వాడి చెయ్యే." మళ్ళీ పప్పు పిసకడం మొదలుపెట్టారు. "వాడు నీకేం చెప్పాడు?"

"తనే స్పీడుగా పోయానన్నారు."

"స్పీడా? ఎద్దుబండిలా పోతున్నాడు. చినుకులు పడ్డాయి, పక్కనుంచి పోతానమ్మా అన్నాడు. నేనే, పాపం ఆ ముసలాయన పొద్దుట్నించీ బండి కోసం చూస్తున్నట్టున్నాడు, తొక్కించి పోరా అన్నాను. తొక్కించాడు." చేద వంచి నీళ్ళు పోసుకున్నారు. "అంతకుముందు కొత్త టైర్లు వేయిస్తానంటే, ఎందుకురా దండగ, రబ్బరేయించు అన్నది ఎవరు? అదీ నేనే."

 అయిదు నెలలుగా ఆయన ఆ మాట ఒక్కసారి కూడా నాతో అనలేదు.

"వాడి పక్కన కూర్చుంటే నా నోరు ఊరుకోదమ్మాయ్. అటు పోనీ, ఇటు పోనీ అంటానే ఉంటాను. వాడు నా మాట తీసెయ్యడు. చిన్నప్పట్నించీ అంతే. అందుకని నేను లేకుండా ఉంటే వాడు తనకి తోచినట్టు క్షేమంగా తిరుగుతాడు. బస్సు డ్రైవరుకి నేనెంత చెప్పినా వినడు, ఆ బాధ లేదు."

"బస్సు డ్రైవరుకి కూడా చెప్తున్నారా?"

"రొయ్యూరు దగ్గర గుంట ఉందని చెప్పాను. వినలేదు."

అప్పుడు చెప్పేశాను. చెప్పొద్దన్న మాట నేనివ్వలేదు కాబట్టి తప్పలేదనుకున్నాను. తలపిన్ను, ఎర్రరాయి, ముట్టని క్యారియరు, బస్సు ఆగినచోటల్లా ఆగే కారు, ఇశ్రాయేలు చూపించిన మెత్త టైర్లు, నా లెక్క, అన్నీ వరసగా చెప్పాను. ఆవిడ పప్పు మీదికి తల వంచుకుని విన్నారు. పొట్టు ఎప్పుడో పోయింది, అయినా కడుగుతూనే ఉన్నారు.

"వానలో కూడానా?" అన్నారు చివరికి.

"వానలో కూడా."

"మొన్న యనమలకుదురు దగ్గర బస్సు చాలాసేపాగింది. వెనక్కి చూస్తే చెట్టు కింద నీలం కారొకటి ఉంది. మనలాంటి కారే అనుకున్నాను." కొంగుతో చెయ్యి తుడుచుకున్నారు. "అన్నం కూడా తినకుండా తిరుగుతాడా వెధవ."

 గిన్నె తీసుకుని రోటి దగ్గరికి నడిచారు. పాచి దగ్గరికి రాగానే ఒక్క క్షణం ఆగి, పాత చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, వట్టికాళ్ళతో దాటారు. నేను వంటింటి కిటికీ దగ్గరికి వచ్చేసి చూడనట్టే ఉన్నాను.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం భోజనాలకి కూర్చున్నాం. గారెలు, అల్లం పచ్చడి, ములక్కాడ పులుసు. ఆయన ఎవరికీ కాకుండా అన్నట్టు, "రేపు ఆటోనగర్ వెళ్ళి టైర్ల సంగతి తేల్చేస్తా," అన్నారు.

అత్తయ్యగారు ఆయన కంచంలో మూడో గారె వేశారు. "ఆ మెత్తవే వేయించు కృష్ణా. నాలుగూ."

ఆయన తల ఎత్తారు. ఆవిడ నోట రబ్బరేయించమన్న మాట కాకుండా ఇంకొకటి రావడం ఆయన ఎప్పుడూ వినలేదు. "తొందరగా అరుగుతాయమ్మా అవి."

"అరుగుతాయి మరి. బస్సు వెనక పడి, అది యనమలకుదురులో ఆగితే ఆగి, పెదపులిపాకలో ఆగితే ఆగి, దారిలో చెయ్యెత్తిన ప్రతివాడికీ ఆగితే ఎందుకరగవు?"

ఆయన నా వైపు చూశారు. నేను పులుసులో ములక్కాడ ముక్క వెతుక్కున్నాను.

"అంత డబ్బు పోసి కొన్నవి ఆ బస్సు పాలు చేస్తావా? అందుకే చెప్తున్నాను. వచ్చే శుక్రవారం నించి నేను కార్లోనే వస్తాను. ఒకసారి పోయి ఒకసారి వస్తే చాలు. ఇంకో ఏడాది ఎక్కువొస్తాయని నీ పెళ్ళాం లెక్క కట్టింది."

నేను అంత కట్టలేదు. కానీ ఆ పూట సరిదిద్దబుద్ధి కాలేదు.

"భయమెయ్యదా అమ్మా?" అన్నారాయన.

"నీ చేతిలో భయమేంట్రా? దారిలో ఏది పరిచినా, తొక్కిస్తావో పక్కనుంచి పోతావో నీ ఇష్టం. నేను మాట్లాడను."

"నువ్వు మాట్లాడకుండా ఉండలేవమ్మా."

ఆవిడ ఆలోచించారు. "ఉండలేను. మాట్లాడతాను. నువ్వు వినకు."

ఆయన నవ్వబోయి, అది ఇంకేదో అవుతుంటే, గారె తుంచి నోట్లో పెట్టుకున్నారు. ఆవిడ నాలుగోది కూడా వేసి, నా వైపు తిరిగి, ఇదీ విను అన్నట్టు అన్నారు.

"పాతవి మాత్రం ఆ ఇశ్రాయేలుకి వదిలేసి రావద్దని చెప్పు అమ్మాయ్. నాకు ఇంకో రెండు జతల చెప్పులొస్తాయి."